అడ్డగడ

మా కాలనీకి గోడ లేదు.
ఒక పక్క సముద్రం, ఒక పక్క మడ అడవి,
వెనక కొండ, కొండ నిండా జలగలు.
ముందు రోడ్డుకి మాత్రం
అడ్డంగా ఒక వెదురు గడ.
ఒక చివర తాడు, ఇంకో చివర బరువుకి
సిమెంటు పోసిన పాల డబ్బా.
తాడు వదిలితే లేస్తుంది, లాగితే దిగుతుంది.
ఆ తాడు మా నాన్న చేతిలో ఉండేది.

పేరు లియోన్సియో. గోధుమరంగు చొక్కా.
మొదట నారింజ, తర్వాత నీలం,
మంచివాడని కాగితం మీద పడ్డాక గోధుమ.
ఆ రంగు వాళ్ళకి కొడవలి ఇస్తారు, దున్నపోతుని ఇస్తారు,
అర్జీ పెట్టుకుంటే పెళ్ళాన్ని తెచ్చుకోనిస్తారు.
అమ్మ అలాగే వచ్చింది, పడవలో రెండు రాత్రులు,
ఒళ్ళో కుట్టుమిషను తల పెట్టుకుని.
నేను ఇక్కడే పుట్టాను.
పుట్టిన ఊరు అన్నచోట గుమాస్తా
"జైలు" అని రాసి, కొట్టేసి,
కాసేపు కిటికీలోంచి చూసి
"కాలనీ" అని రాశాడట.

మా బళ్ళో ఎవరూ
మీ నాన్న ఏం చేస్తాడని అడగరు.
ఎన్నేళ్ళని అడుగుతారు.
ఇరవై అన్నాన్నేను.
పక్కనున్న బెనీతా "యావజ్జీవం" అంది,
మేడ ఉన్న పిల్లలా.

చరిత్ర పాఠం మాకు శ్మశానంలో చెప్పారు.
తెల్లదొరల ఓడ మొదట దించింది అరవైమందిని.
చెట్లు నరకమన్నారు. చలిజ్వరం వాళ్ళని నరికింది.
శిలువల మీద పేర్లు లేవు, అంకెలు.
మిగిలినవాళ్ళలో కొందరు ఈదారు. ఎక్కడిదాకానో
పుస్తకంలో లేదు.
ఆ తర్వాత ఏ అధికారికి తోచిందో,
తుపాకులు పెట్టెలో పెట్టి
విత్తనాల బస్తా విప్పాడు.
కోతలయ్యాక పారిపోదామనుకున్నారట అందరూ.
కోతలయ్యాక నారుమళ్ళు. నారుమళ్ళయ్యాక నాట్లు.
"అట్లా నూరేళ్ళు ఆగాం" అనేవాడు ముసలి సెవెరో,
కొబ్బరికల్లు వంచుకుంటూ,
తనే మొదటి ఓడ దిగినట్టు.

తెల్లారగట్ల నాలుగున్నరకి ఇనుపరేకు మోగేది. లెక్క.
మధ్యాహ్నం లెక్క. పొద్దుగూకాక లెక్క.
మధ్యలో దుక్కి, తూటికూర, ఎండుచేప,
ఎండలో మోకాళ్ళ మీద తలపెట్టి ఓ కునుకు.
పందెం నిషిద్ధం, పందెంకోడి కాదు.
రాత్రి దీపం ఆర్పేముందు
అమ్మ కూడా నన్ను లెక్కపెట్టేది.
ఒక్కదాన్నే. అయినా వేలు చూపించి
"ఒకటి" అనేది.

నాన్న చంపింది అమ్మ తమ్ముణ్ణి.
నీళ్ళ తగువు.
ఈ ముక్క నాకు పదకొండో ఏట తెలిసింది, బెనీతా వల్ల.
ఆ సాయంత్రం మడికి నీళ్ళు కడుతూ నాన్న
గట్టు తెగ్గొట్టబోయి, పార ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి
పక్క కయ్యవాణ్ణి "తీసుకోనా?" అని అడిగాడు.
ఎప్పుడూ అడిగేవాడే అనుకుంటా.
నేను వినడం అప్పుడే.
అమ్మ రెండు రాత్రులు పడవలో ఎందుకొచ్చిందో
నాకిప్పటికీ తెలీదు. అడిగితే
సూదిలో దారం ఎక్కించమనేది.

విడుదల కాగితం కోతల మధ్య వచ్చింది.
బతిమాలి పన్నెండు రోజులు ఎక్కువ ఉన్నాడు,
చివరి పన ఇంటికి చేరేదాకా.
పదమూడో రోజు జీప్నీ ఎక్కాం,
నేను, అమ్మ, కుట్టుమిషను తల, రెండు కోళ్ళు.
గడ దగ్గర బండి ఆగితే
అలవాటుగా నాన్నే దిగి తాడు వదిలాడు.
బండి దాటింది. వెనకే తనూ నడిచి దాటాడు,
తొమ్మిదేళ్ళు లేపిన గడ కింద మొదటిసారి.
నాలుగడుగులేసి వెనక్కి చూశాడు.
గడ అలాగే నిలబడి ఉంది,
జవాబు తెలిసి చెయ్యెత్తిన బడిపిల్లాడిలా.
దాన్నలా వదిలి రావడం ఆయన వల్ల కాలేదు.
వెళ్ళాడు. తాడు లాగి, దించి,
మేకుకి రెండు చుట్లు చుట్టి, ముడి బిగించి
తలెత్తి చూస్తే
మేము అటు, తను ఇటు.

డ్రైవరు హారన్ కొట్టాడు. అమ్మ ఏమీ అనలేదు.
సంచీలోంచి కోడి ఒకటి తల బయటపెట్టింది.
నాన్న నడుం వంచి
ఎవరి చేలోనో మేసిన దూడలా
గడ కిందనుంచి దూరి వచ్చాడు.
టోపీ జారి లోపలి పక్క పడింది.
చెయ్యి చాపితే అందేది.